ఓవర్‌హెడ్స్ పద్దు కింద నేను

"దానం చేయడానికి కూడా ఎంఎస్సీ ఉందంటే?" అని మా పెదమావయ్య కాఫీ గ్లాసు పక్కన పెట్టి మరీ అడిగాడు. ఆయన తప్పేం లేదు. ఫిలాంత్రపీ, గ్రాంట్‌మేకింగ్, సోషల్ ఇన్వెస్ట్‌మెంట్ అనే మూడు ముక్కల పేరును తెలుగులో చెప్పబోయి నేనే తడబడ్డాను. "ఉన్న డబ్బు ఎవరికివ్వాలో, ఎలా ఇవ్వాలో నేర్పుతారు మావయ్యా" అన్నాను. "చెయ్యి జేబులోకి వెళ్తే చాలదూ, దానికి చదువెందుకు?" అన్నాడు. అప్పటికి నాకూ సరైన జవాబు లేదు. లండన్లో ఉద్యోగం చేసుకుంటూ రెండేళ్లు చదవాల్సిన కోర్సు. ఫీజులో సగం మా ఆఫీసు కడుతుంది, మిగతా సగం మా ఇంటి పొదుపు. మావారు మాత్రం "నీకు చదవాలనుంది, చదువు. కారణాలు తర్వాత వెతుక్కుందాం" అన్నారు.

నేను డబ్బు పుచ్చుకునే వైపు నుంచి వచ్చినదాన్ని. డిగ్రీ అయ్యాక కాకినాడలో ఒక చిన్న సంస్థలో ఏడేళ్లు లెక్కలు చూశాను. మత్స్యకారుల పేటల్లో పిల్లలకు సాయంత్రం బడులు నడిపేవాళ్లం. పెద్దసారు, నలుగురు టీచర్లు, ఒక ఆయా, నేను. మాకు గ్రాంటు ఇచ్చే ఒక సంస్థ మూడో ఏడాది రెన్యువల్‌కి పంపిన బడ్జెట్‌ను ఎర్ర సిరాతో దిద్ది తిప్పి పంపింది. "ఓవర్‌హెడ్స్ ఎక్కువగా ఉన్నాయి, తగ్గించి పంపగలరు." ఓవర్‌హెడ్స్ అంటే నిర్వహణ ఖర్చులు. ఆ పద్దు కింద ఉన్నవి మూడే: ఆఫీసు అద్దె, కరెంటు బిల్లు, నా జీతం. వాళ్లు అడిగే మూడు నెలల రిపోర్టు రాసేదాన్ని నేను. ప్రతి ఓచరూ స్కాన్ చేసేదాన్ని నేను. ఇచ్చిన డబ్బు చెప్పిన పనికే వాడామని చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ కోసం ఆడిటర్ గుమ్మం చుట్టూ తిరిగేదాన్నీ నేనే. నన్ను తగ్గించమని రాసిన ఉత్తరాన్ని ఇన్‌వర్డ్ రిజిస్టర్లో ఎక్కించింది కూడా నేనే. పెద్దసారు నవ్వి, "దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు కదమ్మా, ఇక్కడ పూజారి చేతికి ఎర్రపెన్ను కూడా ఇచ్చారు" అన్నారు. చివరికి నా జీతంలో సగాన్ని "విద్యా కార్యక్రమాల సమన్వయం" అనే పేరుతో ఇంకో పద్దులోకి తోసి గండం గట్టెక్కాం.

పెళ్లయ్యి లండన్ వచ్చాక, డిపెండెంట్ వీసా మీద, ఒక కుటుంబం నడిపే చిన్న ట్రస్టులో గ్రాంట్స్ అసిస్టెంటుగా చేరాను. బల్లకు ఇవతలి వైపు నుంచి అవతలి వైపుకు వచ్చానన్నమాట. రోజూ అప్లికేషన్లు చదవడం, సారాంశం రాసి ట్రస్టీలకు పంపడం నా పని. రెండేళ్లయ్యాక మా మేనేజరే ఈ కోర్సు గురించి చెప్పింది. అప్లికేషన్లో "ఎందుకు చదవాలనుకుంటున్నారు" అన్న ప్రశ్నకు అపాత్రదానం గురించి పేజీన్నర రాశాను. యోగ్యుడు కానివాడికి ఇస్తే ఇచ్చినవాడికీ దోషమేనని మా అమ్మమ్మ అనేది. కాబట్టి యోగ్యుల్ని ఎంచడం శాస్త్రీయంగా నేర్చుకుంటాను అని. ఇప్పుడు చదువుకుంటే సిగ్గేస్తుంది. కానీ సీటొచ్చింది.

2019 సెప్టెంబరులో చేరాను. కాలేజీ బన్‌హిల్ రోలో ఉంది. పక్కనే బన్‌హిల్ ఫీల్డ్స్ అనే పాత శ్మశానం. రాబిన్సన్ క్రూసో రాసిన డేనియల్ డిఫో, కవి విలియం బ్లేక్ సమాధులు అక్కడే. మధ్యాహ్నం చాలామంది శాండ్‌విచ్‌లు తెచ్చుకుని ఆ బెంచీల మీదే తింటారు. శ్మశానంలో కూర్చుని పులిహోర తినడానికి మొదట్లో నాకు చేతులు రాలేదు. మూడో వారానికి అలవాటైపోయింది. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం "పార్కులో తిన్నాను" అనేదాన్ని.

నాకు బాగా నచ్చింది, ఎవరూ ఊహించనిది, చట్టం. ఇంగ్లండ్‌లో ధర్మకార్యం అంటే ఏమిటో 1601లో ఎలిజబెత్ రాణి కాలపు చట్టం పీఠికలో ఒక జాబితాగా రాశారు. ముసలివాళ్లను, పేదలను ఆదుకోవడం, బడులు, వంతెనల మరమ్మతు, అనాథల పెంపకం, బందీలను విడిపించడం, పేదింటి ఆడపిల్లల పెళ్లిళ్లు. పెళ్లిళ్ల దగ్గరికి వచ్చేసరికి నాకు నవ్వాగలేదు. మా పెదమావయ్య ఇచ్చే చందాల జాబితా కూడా ఇంచుమించు ఇదే.

ఆ వంతెనల కథ ఇంకా బాగుంటుంది. థేమ్స్ మీద లండన్ బ్రిడ్జిని కాపాడటానికి 13వ శతాబ్దంలోనే ఒక నిధి ఏర్పడింది. సుంకాలు, అద్దెలు, "దేవుడికీ వంతెనకీ" అని జనం రాసిచ్చిన ఆస్తులు, అన్నీ కలిసి ఆ నిధి పెరుగుతూ పోయింది. ఇవాళ అయిదు వంతెనల్ని నడిపినా ఇంకా మిగులుతోంది. మిగిలినదాన్ని లండన్ ప్రజల అవసరాలకు ఇవ్వొచ్చని 1995లో అనుమతి వచ్చింది. దీని వెనకున్న సూత్రాన్ని సీ ప్రే అంటారు. పాత ఫ్రెంచి మాట. దాత కోరింది ఇక చేయడానికి వీల్లేకపోతే, లేదా చేశాక కూడా మిగిలితే, ఆ కోరికకు వీలైనంత దగ్గరగా ఉన్న పనికి వాడొచ్చు. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్‌లోనూ ఈ ఏర్పాటు ఉంది.

ఆ క్లాసులో కూర్చుంటే మా ఊరి సత్రం కళ్లముందు కదిలింది. కాలినడకన వెళ్లే యాత్రికులకు రెండు పూటలా అన్నం పెట్టమని ఎవరో పుణ్యాత్ముడు పొలం రాసిచ్చాడు. తర్వాత బస్సులొచ్చాయి. కాలినడకన వెళ్లేవాళ్లు లేరు. సత్రం వరండాలో మేకలు పడుకునేవి. పొలం కౌలు మాత్రం ఎవరో తింటూనే ఉండేవారు. ఆ పొలంతో బస్టాండు దగ్గర మంచినీళ్లైనా పెట్టొచ్చని ఊళ్లో ఒక్కరికీ తోచలేదు. తోచినవాళ్లకు అడిగే హక్కుందని తెలియదు. దాని మీదే నా మొదటి వ్యాసం రాశాను. మార్కులు ఓ మోస్తరుగా వచ్చాయి. "మేకల వివరం బాగుంది" అని మాత్రం మార్జిన్లో రాసి ఉంది.

అసలు దెబ్బ నవంబరులో తగిలింది. అయిదుగురం ఒక బృందం, చేతిలో లక్ష పౌన్లు ఉన్నట్టు లెక్క, ముందు ఆరు ప్రతిపాదనలు. గంటన్నరలో ఎవరికి ఎంతో తేల్చాలి. నా వంతుకు వచ్చింది ఉత్తరాన ఒక ఓడరేవు పట్టణంలో పిల్లల సాయంత్రం క్లబ్బు. శ్రద్ధగా చదివాను. బడ్జెట్ పేజీలో ఒక గీత గీసి, పక్కన "ఓవర్‌హెడ్స్ ఎక్కువ, తగ్గించమని అడుగుదాం" అని రాశాను. నా పక్కన కూర్చున్నావిడ ఒక కమ్యూనిటీ ఫౌండేషన్‌లో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న మనిషి. కళ్లద్దాలు ముక్కు మీదకు జార్చి ఆ కాగితం చూసి, "మరి లెక్కలు ఎవరు రాస్తారు?" అంది, మామూలుగానే.

నేను చేతిలో పెన్ను వంక చూసుకున్నాను. అది ఎర్రపెన్ను కూడా.

ఆ తర్వాత చర్చలో ఎవరేమన్నారో నాకు సగం గుర్తులేదు. కాకినాడలో ఏడేళ్లు ఆ పద్దు కింద బతికినదాన్ని, కుర్చీ మారిన రెండేళ్లకే అదే గీత గీశాను. అలా చేయమని నాకెవరూ చెప్పలేదు. ఆ కుర్చీలో కూర్చుంటే చెయ్యి దానంతటదే అటు వెళ్తుంది. ఆ వారం చదవమని ఇచ్చిన వాటిలో 2009లో స్టాన్‌ఫర్డ్ పత్రికలో వచ్చిన వ్యాసం ఒకటుంది. స్వచ్ఛంద సంస్థలు ఆకలితో ఎలా ఎండిపోతాయో అందులో రాశారు. ఇచ్చేవాళ్లు నిర్వహణ ఖర్చు తక్కువుండాలని ఆశిస్తారు, పుచ్చుకునేవాళ్లు భయపడి నిజం కంటే తక్కువ చూపిస్తారు, ఆ అంకె చూసి ఇచ్చేవాళ్లు ఇంకా తక్కువ ఆశిస్తారు. "విద్యా కార్యక్రమాల సమన్వయం" గుర్తొచ్చింది. మేం ఆడింది ఆ ఆటే. ఎవరో మమ్మల్ని మోసం చేశారనుకున్నాను ఇన్నాళ్లూ. అబద్ధపు అంకె రాసిన చెయ్యి నాదే.

అప్పటి నుంచి చదువు తీరు మారింది. పుచ్చుకునేవాడికి పాత్రత ఉందా లేదా అన్నదానికి మన దగ్గర బోలెడన్ని మాటలున్నాయి. ఇచ్చేవాడికి ఉందా అని అడగడానికి నాకు ఒక్క సామెతా తట్టలేదు. "గోరంత ఇచ్చి కొండంత చెప్పుకున్నాడు" అని వెక్కిరిస్తాం, అంతే. ఈ ట్రస్టుకు డబ్బెక్కడిది, ఎవరు నిర్ణయిస్తున్నారు, కాదన్నప్పుడు కారణం చెబుతున్నారా, ఏడాదికోసారి ఇచ్చి ఏడాదంతా ప్రాణం తోడేస్తున్నారా అని నోట్సు మార్జిన్లలో రాసుకోవడం మొదలుపెట్టాను.

రౌన్‌ట్రీ దగ్గర మాత్రం నాకు కోపమొచ్చింది. యార్క్ ఊళ్లో కోకో, చాక్లెట్ వ్యాపారం చేసిన జోసెఫ్ రౌన్‌ట్రీ 1904లో తన ఆస్తిలో పెద్ద భాగంతో మూడు ట్రస్టులు పెడుతూ ఒక పత్రం రాశాడు. ఊళ్లో గంజికేంద్రానికి చందాలు ఎప్పుడూ వస్తాయి, పేదరికం ఎంత ఉంది, ఎందుకుంది అని విచారణ చేస్తానంటే మాత్రం పెద్దగా ఎవరూ ముందుకు రారు అని అందులో అన్నాడు. క్లాసంతా తలలూపింది. నాకు డొక్కా సీతమ్మగారు గుర్తొచ్చింది. మాది కోనసీమ. లంకల గన్నవరంలో వేళకాని వేళ వచ్చినవాళ్లకూ లేచి వండి పెట్టిన ఆవిడ కథ అమ్మమ్మ దగ్గర ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. గోదావరి పాయ దాటి అర్ధరాత్రి తలుపు తట్టినవాడిని "నీ ఆకలికి మూలకారణం ఏమిటి నాయనా" అని అడుగుతామా? లేచి ఆ మాటే అన్నాను, కాస్త గట్టిగానే. మేష్టారు విని, "ఆవిడ తన చేత్తో, తన ఇంట్లో, తన సొమ్ముతో పెట్టింది. మీ ట్రస్టు పెడుతున్నది ఎవరి సొమ్ము? పన్ను మినహాయింపు పొందిన సొమ్ము కదా" అన్నారు. సగం ఒప్పుకున్నాను. మిగతా సగం ఇప్పటికీ ఒప్పుకోలేదు. గంజి పోసేవాళ్లను చిన్నచూపు చూడటం చదువుకున్నవాళ్లకు తేలిగ్గా వచ్చే జబ్బు.

సోషల్ ఇన్వెస్ట్‌మెంట్ గురించి, అంటే సమాజానికి మేలు చేసే పనికి తిరిగొస్తుందన్న లెక్కతో పెట్టే పెట్టుబడి గురించి, క్లుప్తంగా చెప్తాను. అది నా పేపరు కాదు, పాసయ్యాను, అంతే. 2010లో పీటర్‌బరో జైల్లో ప్రపంచంలోనే మొదటి సోషల్ ఇంపాక్ట్ బాండు మొదలైంది. చిన్న శిక్షలు పడి బయటికొచ్చిన మగవాళ్లు మళ్లీ నేరం చేయకుండా చూసే పనికి పెట్టుబడిదారులు డబ్బు పెడతారు. నేరాలు అనుకున్నంత తగ్గితేనే ప్రభుత్వం, లాటరీ నిధి కలిసి ఆ డబ్బును లాభంతో తిరిగిస్తాయి. 9 శాతం తగ్గాయి, డబ్బు తిరిగొచ్చింది. మన రాజస్థాన్లో ఎడ్యుకేట్ గర్ల్స్ సంస్థ 2015 నుంచి మూడేళ్లు ఇదే పద్ధతిలో ఆడపిల్లల చదువు మీద పనిచేసింది. మొదటి రెండేళ్లు చదువు లెక్కలు వెనకబడి, చివరి ఏడాది ఒక్కసారిగా ఎగబాకి లక్ష్యానికి 160 శాతం దగ్గర ఆగాయి. అది చదువుతుంటే నాకు ముచ్చటేసింది, భయమూ వేసింది. వెనకబడ్డ ఆ రెండేళ్లలో కాకినాడ లాంటి చోటైతే రెన్యువలే ఉండేది కాదు. అక్కడ ఒప్పందం మూడేళ్లది కాబట్టి పద్ధతి మార్చుకోవడానికి వ్యవధి దొరికింది. క్లాసులో అందరూ బాండు గొప్పతనం గురించి మాట్లాడారు. నాకైతే దాని గొప్పతనమంతా ఆ మూడేళ్ల వ్యవధిలోనే కనిపించింది.

2020 మార్చిలో క్లాసులు లాప్‌టాప్‌లోకి వచ్చేశాయి. డైనింగ్ టేబుల్‌కు ఒక చివర నేను, ఇంకో చివర రంగుపెన్సిళ్లతో నాలుగేళ్ల మా పాప, మధ్యలో కుక్కర్. ఆ నెలలోనే లండన్ ఫండర్లంతా కలిసి ఒక ప్రకటన చేశారు. ఇచ్చిన డబ్బును అవసరాన్ని బట్టి వాడుకోండి, రిపోర్టులు ఆలస్యమైనా ఫర్వాలేదు అని. వందల సంస్థలు సంతకం పెట్టాయి, మా ట్రస్టుతో సహా. ఫోన్లు చేసి చెప్పడం నా పని. తూర్పు లండన్లో వృద్ధులకు మధ్యాహ్నం భోజనం పెట్టే ఒక బృందాన్ని నడిపే బంగ్లాదేశీ ఆంటీ నా మాట పూర్తిగా విని, "ఈ మాట మెయిల్లో పంపిస్తావా?" అంది. పంపాను. మళ్లీ ఫోన్ చేసి, "మీ డైరెక్టర్ సంతకంతో పంపిస్తావా?" అంది. కోపం రాలేదు నాకు. ఆవిడ స్థానంలో నేనున్నా అదే అడిగేదాన్ని, ప్రింటు తీసి ఫైల్లో కూడా పెట్టేదాన్ని.

జూన్‌లో బ్రిస్టల్‌లో బానిసల వ్యాపారి కోల్‌స్టన్ విగ్రహాన్ని జనం లాగి నీళ్లలో పడేశారు. మా కాలేజీ ఒక బిజినెస్ స్కూలు, దాని పేరు అప్పటికి కాస్. 18వ శతాబ్దం మొదట్లో చనిపోయిన సర్ జాన్ కాస్ పేరు అది. ఆయన ఆస్తితో ఏర్పడిన ఫౌండేషన్ 50 లక్షల పౌన్లు ఇచ్చినందుకు 2002లో స్కూలుకు ఆ పేరు పెట్టారు. ఆయన ఆఫ్రికా నుంచి బానిసల్ని అమ్మిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో పెద్దమనిషి. జూలైలో ఆ పేరు తీసేస్తున్నామన్నారు. 2021 సెప్టెంబరు నుంచి బేస్ అయింది. ఆ శ్మశానంలోనే, మేం అన్నం తినే బెంచీలకు దగ్గర్లోనే పడుకుని ఉన్న గణితవేత్త థామస్ బేస్ పేరు. దాతృత్వం నేర్పే కోర్సు చదువుతున్నవాళ్లకు ఇంతకంటే పాఠం ఏం కావాలి? వాట్సాప్ గ్రూపులో రెండు వారాలు యుద్ధమే జరిగింది. డబ్బు తిరిగిచ్చేయాలా, పేరు తీస్తే చాలా, మూడొందల ఏళ్ల తర్వాత ఎవరికి తిరిగిస్తారు?

నేను పెద్దగా రాయలేదు. ఎందుకంటే నేను బీకాం చదివింది కాకినాడ పీఆర్ కాలేజీలో. పీఆర్ అంటే పిఠాపురం రాజా. ఆ సంస్థానాధీశులు కాలేజీలు పెట్టారు, నిఘంటువు వేయించారు, అనాథ పిల్లల్ని చదివించారు. ఆ ధర్మమంతా రైతుల దగ్గర వసూలు చేసిన శిస్తుల్లోంచి వచ్చిందన్న సంగతి అక్కడ చదివిన మూడేళ్లలో నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. రాజుగారి గురించి వ్యాసరచన పోటీలో బహుమతి కూడా కొట్టాను. కాలేజీ మీద కృతజ్ఞత ఇప్పటికీ ఉంది. రెండూ ఒకే మనసులో ఎలా సర్దుకుంటాయో ఆ గ్రూపులో ఇంగ్లీషులో రాయబోయి నాలుగుసార్లు చెరిపేశాను.

చివరి పరిశోధన అప్లికేషన్ ఫారాల మీద చేశాను. మా గైడుకు మొదట అది మరీ చిన్న విషయంగా అనిపించింది. పదిహేను చిన్న సంస్థల వాళ్లతో మాట్లాడాను. ఒకావిడ ప్రతి ఫారానికీ పట్టిన గంటల్ని వంటింటి క్యాలెండర్ మీద పాలలెక్కలాగా గీతలు పెట్టుకుంటుంది. గీతల పక్కన "రాలేదు", "రాలేదు", "వచ్చింది", "జవాబే లేదు". ఆ క్యాలెండర్ ఫొటో అనుబంధంలో పెట్టాను. అందులోని సంస్థల పేర్లన్నీ నల్లగా కప్పేయాల్సి వచ్చింది. ఒకటి మా ట్రస్టే. "జవాబే లేదు" అన్న వరుసలో ఉంది.

ఆ పేజీని మా మేనేజర్‌కు చూపించాలా వద్దా అని వారం రోజులు టెన్షన్ పడ్డాను. చూపించాను. ఆవిడ చాలాసేపు చూసి, "ఇది మనమేనా?" అని మాత్రం అడిగింది. ఆ ఏడాది మా ఫారం పద్నాలుగు పేజీల నుంచి నాలుగు పేజీలకు వచ్చింది. ట్రస్టీలలో ఒక పెద్దాయన ఇప్పటికీ ఆ పది పేజీల కోసం బెంగపెట్టుకుంటాడు.

మొన్న వేసవిలో పెద్దసారు ఫోన్ చేశారు. ఒక కంపెనీ సీఎస్‌ఆర్ నిధులు, అంటే కంపెనీలు సామాజిక బాధ్యత కింద పెట్టే డబ్బు, ఇస్తానంది, కానీ చట్టప్రకారం నిర్వహణ ఖర్చు అయిదు శాతం దాటకూడదంటోంది, ఇప్పుడున్న అకౌంటెంట్ అబ్బాయి జీతం ఎక్కడ పెట్టాలమ్మా అని. ఆ అయిదు శాతం కంపెనీ తన సొంత సీఎస్‌ఆర్ విభాగం మీద పెట్టుకునే ఖర్చుకు సంబంధించింది సార్, పని చేసే సంస్థ ఖర్చుకు కాదు, 2021లో కంపెనీ వ్యవహారాల శాఖ ప్రశ్నలు జవాబుల రూపంలో స్పష్టంగా చెప్పింది అన్నాను. ఆ కాగితం వెతికి, ఆ పేరా దగ్గర పసుపు రంగు పూసి పంపాను. "ఇంకే పద్దులోకీ తొయ్యకండి సార్. అకౌంటెంట్ జీతం అనే రాయండి" అన్నాను.

మూడు వారాలకు వాట్సాప్‌లో బడ్జెట్ ఫొటో వచ్చింది. పన్నెండో వరుసలో "అకౌంటెంట్ జీతం" అని తెలుగులోనే ఉంది. ఎదురుగా మేం అడిగిన అంకె కొట్టేసి, పక్కన దాంట్లో సగం వేశారు. కింద సారు మెసేజ్: "సగం ఒప్పుకున్నారమ్మా. మిగతా సగానికి ఏం పేరు పెట్టమంటావు?"